కొళాయి వీధిలో రాళ్ల దొంగ

కర్నూలు కొత్త బస్టాండులో ఉదయం అయిదూ నలభైకి కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మోకాళ్ల నొప్పులు, బీపీ మాత్రలు, అరవై రెండేళ్ల వయసు. ఇలాంటి మనిషి ఒక్క రోజులో కడపకు పోయి తిరిగి రావాలనుకోవడం తెలివైన పనేం కాదు. మా ఆయన కూడా అదే అన్నాడు. "పుస్తకంలో ఒక్క పేజీ కోసం ఎవరైనా బస్సెక్కుతారా?" అని తలుపు దగ్గర నిలబడి అడిగాడు. నేను ఎక్కాను. అంత కోపంగా ఉన్నాను.

కోపం ఎందుకో ముందే చెప్పేస్తాను. నేను పుట్టి పద్నాలుగేళ్లు పెరిగింది కడపలో, కొళాయి వీధిలో. తర్వాత మా నాయన మకాం కర్నూలుకు మార్చాడు. నేను అక్కడే చదువుకుని, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ వీధిలో పెరిగినవాళ్లమంతా ఏడాది నుంచి ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. పొద్దున లేస్తే పూల బొమ్మలు, సాయంత్రమైతే 'ఆ రోజులే వేరబ్బా' అనే నిట్టూర్పులు. గోలీసోడా, సినిమా బండి మైకు, కిరోసిన్ క్యూ, ఎండాకాలం ఐసు పుల్లలు. ఇలా తలా ఒకటి రాస్తుంటే, అన్నీ కలిపి పుస్తకం వేద్దామని సుబ్బరాయుడన్న పూనుకున్నాడు. ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పటికీ ఆ వీధిలోనే ఉంటున్నాడు. నిన్న మధ్యాహ్నం పుస్తకం మొత్తం మా ఫోన్లకు పంపి, "రేపు సాయంత్రం అచ్చుకు పోతాంది. తప్పులుంటే చెప్పండి" అని రాశాడు.

ముప్పై రెండో పేజీలో తప్పు ఉంది. ఆ పేజీకి ఆయన పెట్టిన పేరు 'రాళ్ల దొంగ'. "మా వీధి రాళ్ల దొంగ ఖాసింబీని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు" అని మొదలుపెట్టాడు. అది చదివి గ్రూపులో అందరూ కళ్లల్లో నీళ్లొచ్చేట్టు నవ్వే బొమ్మలు పెట్టారు. ఖాసింబీ నా ఈడుది, ఆరో తరగతిలో నా పక్కన కూర్చునేది. ఆమె దొంగ కాదు. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ రోజు కొళాయి వరసలోంచి రాయి తీసి కాలువలో పారేసింది నేను.

సుబ్బరాయుడన్నకు ఫోన్ చేసి ఆ పేజీ తీసేయమని అడిగాను. ఎందుకో చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. "తమాషాకు రాసినాలేమ్మా, ఆయమ్మేం అనుకోదు" అని నవ్వి పెట్టేశాడు. ఆ నవ్వు విన్నాకనే బస్సులో పోవాలని నిర్ణయించుకున్నాను.

ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. ఈ దారిన పొద్దున్నే వెళ్లేవాళ్లకు ఒక మాట. కుడి పక్కన కూర్చోండి, ఎడమ పక్క ముఖం మాడిపోతుంది. నాకు ఎడమ పక్కనే దొరికింది. ఆరుంబావుకు ఓర్వకల్లు రాళ్ల గుట్టలు దాటుతుండగా, వెనక సీట్లో ఒకాయన ఫోనులో పాత పల్లెటూరి వీడియోలు గట్టిగా పెట్టుకుని వింటున్నాడు. 'మన చిన్నప్పుడు కల్మషం లేదు' అని ఎవరో అందులో ఉపన్యాసం దంచుతున్నారు. వెనక్కి తిరిగి, "అయ్యా, మీ చిన్నప్పుడు కల్మషం లేదేమో, మా చిన్నప్పుడు ఉండేది. కొంచెం తగ్గించండి" అన్నాను. ఆయన నావైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసి ఫోన్ కట్టేశాడు.

ఏడూ ఇరవైకి నంద్యాల. బస్సు పది నిమిషాలు ఆగుతుందన్నారు. దిగి ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిని టీ తాగాను. ముప్పై అయిదు రూపాయలు. ఉగ్గాని వేడిగా, బొరుగులు మెత్తగా బాగుంది. కోపంలో కూడా బాగున్నది బాగుందని చెప్పాలి కదా.

నంద్యాలలో నా పక్కన ఒకాయన వచ్చి కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి. బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో మేస్త్రీ అట. మైదుకూరులో ఎవరో కొత్త ఇల్లు కడితే నేల కొలతలు తీసుకోవడానికి పోతున్నాడు.

"యాడికి పోతాండావక్కా?" అన్నాడు.

"కడపకు."

"పెండ్లికా?"

"కాదప్పా. కొట్లాటకు."

ఆయన నవ్వాడు గానీ, నేను నవ్వకపోయేసరికి సర్దుకుని కూర్చున్నాడు. ఎవరితో కొట్లాట అన్నాడు. కొళాయి దగ్గర వంతు రాళ్ల సంగతి అంటే, నేను వివరించకముందే ఆయనే అందుకున్నాడు.

"మా ఊర్లో గూడా రాళ్ల వరసేనక్కా. మా యమ్మ మా రాయి మింద సుద్దతో మూడు గీతలు గీస్తాండె. పక్కోళ్ల రాయి కాలికి తగిలి జరిగినా మళ్ల సరిగ్గా పెట్టి పోవల్ల. ఎవురన్నా రాయి తీసినారంటే ఇంగ వాళ్లకు నీళ్లు ల్యా. అదే కోర్టు."

అదే కోర్టు. మా వీధిలోనూ అంతే. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ముప్పై ఇళ్లకు ఒకటే కొళాయి. ఎండాకాలంలో రెండు రోజులకొకసారి, తెల్లవారి అయిదు గంటలకు నీళ్లు వచ్చేవి. గంటసేపు వస్తే గొప్ప. ముందురోజు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రాయి తెచ్చి వరసలో పెట్టేవారు. బిందెలు పెడితే పోతాయని భయం. రాయిని ఎవరెత్తుకుపోతారు? నాపబండల ముక్కలే ఆ రాళ్లన్నీ. వాటి మీద ఇంటింటికీ ఒక గుర్తు ఉండేది. మా రాయి మీద శంఖం గీత, ఖాసింబీ వాళ్ల రాయి మీద నెలవంక, రత్తమ్మవ్వ రాయి మీద పసుపు బొట్టు. తెల్లారి ఎవరి రాయి దగ్గర వాళ్లు బిందెతో నిలబడేవారు. గొడవ లేదు, పోలీసు లేడు.

నేను తప్పు చేసిన ఆ రోజు, మా రాయి పెట్టాల్సిన పని నాది. నేను తొక్కుడుబిళ్లాటలో పడి మరిచిపోయాను. పోయి చూస్తే ఇరవై రాళ్లు అప్పటికే ఉన్నాయి. ఇరవై ఒకటో వంతుకు నీళ్లు రావు, అమ్మ వీపు చీరేస్తుంది. చుట్టూ చూశాను. మూడో రాయి రత్తమ్మవ్వది. తీసి కాలువలో పారేసి, ఆ చోట మా రాయి పెట్టి ఇంటికి పరిగెత్తాను. పన్నెండేళ్ల పిల్లకు అంతకంటే ఆలోచన లేదు. కానీ రత్తమ్మవ్వ ఇంట్లో కోడలు ఐదు రోజుల బాలింత అని నాకు తెలుసు. అది తెలియదని మాత్రం అబద్ధం చెప్పలేను.

తెల్లారి రత్తమ్మవ్వ రాయి లేదు. అవ్వ ఏడ్చి శాపనార్థాలు పెట్టింది. కాలువలో వెతికితే రాయి దొరికింది. సాయంత్రం కొళాయి దగ్గర ఎవరున్నారని అడిగితే, ఖాసింబీ కనబడిందని ఎవరో అన్నారు. ఉంటుంది మరి, వాళ్ల రాయి పెట్టడానికి వచ్చింది. వాళ్ల రాయి నాలుగోది, కాబట్టి ముందుకు జరగడానికి అదే తీసిందన్నారు. అలా అయితే మూడో చోట నెలవంక రాయి ఉండాలి కదా? అక్కడ ఉన్నది శంఖం రాయి. మా రాయి మూడో చోటికి ఎలా వచ్చిందని ముప్పై ఇళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. మాకు ఊరిబయట పదెకరాల చెరుకు తోట ఉండేది, మా నాయన తెల్లపంచె కట్టుకుని వీధి పంచాయితీలు చెప్పేవాడు. ఖాసింబీ నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. నేను చేసిన పని కంటే ఎక్కువగా, నన్ను అడగకపోవడం మీద.

ఖాసింబీ నాయన కూతుర్ని అందరి ముందు చెంప మీద కొట్టాడు. పంచాయితీ చెప్పింది మా నాయనే. ఆ ఎండాకాలమంతా వాళ్ల రాయి వరసలో పెట్టకూడదన్నాడు. వాళ్లు రైలు గేటు అవతల బావికి పోయి నీళ్లు తెచ్చుకున్నారు. పొద్దున మూడు తిరుగుళ్లు తిరిగితే బడి టైము దాటిపోయేది. ఖాసింబీ ఆ ఏడే బడి మానేసింది. పేరు మాత్రం మిగిలింది, రాళ్ల దొంగ. నేను నోరు తెరవలేదు. అప్పుడు తెరవలేదు, తర్వాత యాభై ఏళ్లు కూడా తెరవలేదు.

మేస్త్రీకి ఇదంతా చెప్పలేదు. ఎవరో రాయి తీశారని మాత్రం చెప్పాను. "ఎవురు తీసినారో దొరికినారా?" అన్నాడు. "ఇంకా లేదు" అన్నాను.

ఎనిమిదీ ఇరవైకి ఆళ్లగడ్డ. అహోబిలం పోయేవాళ్లు సంచులతో దిగారు. నా ముందు సీటులో కూర్చున్న పెద్దామె మా మాటలు విన్నట్టుంది, దిగుతూ "కొట్లాట అయినాక అహోబిలం రామ్మా, మనసు సల్లబడతాది" అంది. "ఆ నరసింహస్వామి కోపమే ఇంకా తగ్గలేదవ్వా, నా కోపం ఏం తగ్గిస్తాడు" అన్నాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తొమ్మిదీ ఇరవైకి మైదుకూరులో మేస్త్రీ దిగిపోయాడు. పదీ పదికి కడప చేరాం.

ఆటోకు యాభై అడిగాడు, ఇచ్చాను. కొళాయి వీధి మొగలో దిగితే గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు. నాపరాళ్ల అరుగులన్నీ పోయి, ఇళ్లు రోడ్డు మీదకు వచ్చాయి. కొళాయి ఉన్న చోట నీళ్ల క్యాన్లు అమ్మే అంగడి ఉంది. ఇంటింటికీ పైపులైను వచ్చినా తాగే నీళ్లు కొనుక్కుంటున్నారట. ఆ అంగడి గోడ మీద మా గ్రూపువాళ్లు ఒక ఫ్లెక్సీ కట్టారు. 'అందరూ ఒకే ఇంటి మనుషుల్లా బతికిన కొళాయి వీధి' అని రాసి ఉంది. చింపేయాలనిపించింది. చెయ్యి అందలేదు.

సుబ్బరాయుడన్న ఇంటి ముందు కుర్చీలో పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి సంతోషంగా లేచాడు. మనిషి చెడ్డవాడు కాదు, అదే ఇబ్బంది. వదిన కాఫీ ఇచ్చింది. నేను పేజీ సంగతి ఎత్తాను.

"నువ్వు దీనికోసరం కర్నూలు నుంచి వచ్చినావామ్మా?" అని ఆశ్చర్యపోయాడు.

"ఖాసింబీని అడిగావా అన్నా, అలా రాయొచ్చా అని?"

"ఆయమ్మకు వాట్సాప్ యాడుండాదిలేమ్మా. అయినా వీధిలో పిల్లోల్లకు గూడా తెలుసు ఆ పేరు."

"తెలిస్తే? అది దొంగతనం చేయలేదు."

"నీకెట్లా తెలుసు?"

కప్పు కింద పెట్టి చెప్పేశాను. నేనే తీశాను, నేనే పారేశాను. సుబ్బరాయుడన్న ఇంట్లోకి ఒకసారి తొంగి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "సరేమ్మా. ఇది మన మధ్యనే ఉండనీ. ఆ పేజీ తీసేస్తా. అయిపోయినాది గదా?" అన్నాడు. అయిపోయిందా? అంత సులువుగా? నిజంగానే ఒక నిమిషం గుండె తేలికపడింది. ఆ నిమిషం గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది. వచ్చిన పని అయింది కదా, ఖాసింబీకి ఒక మాట చెప్పి మధ్యాహ్నం బస్సు పట్టుకుందామనుకున్నాను.

ఖాసింబీ కొడుకులు ఏడు రోడ్ల దగ్గర ఒక సందులో పరుపుల అంగడి పెట్టుకున్నారు. పదకొండున్నరకు పోయాను. లోపల దూది ఏకే మిషను తిరుగుతోంది. ఖాసింబీ కింద చాప మీద కూర్చుని, బూరుగుదూది నింపిన పరుపుకు దబ్బనంతో టాకాలు వేస్తోంది. జుట్టుకు గోరింటాకు పెట్టుకున్నట్టుంది, ఎర్రగా ఉంది.

"ఎవురూ, పద్మా? ఏందిమే, ఇట్ల వచ్చినావు?" అని మొహమంతా నవ్వుతూ చాప మీద చోటిచ్చింది.

కూర్చున్నాను. చెప్పాను. పుస్తకం సంగతి, పేజీ సంగతి, రాయి సంగతి. ఆమె దబ్బనం గుచ్చుతూనే వింది. మొదట దారం తెంపింది. తర్వాత నావైపు తిరిగింది.

"నువ్వా?"

"నేనే."

"మీ రాయి మూడో జాగాలో ఉండె. నేను గూడా సూసినా. కానీ నాకు అనుమానం రాల్యా సూడు. మీరు పెద్దింటోళ్లు, మీ రాయి యాడుంటే అదే మీ జాగా అనుకున్యా." దబ్బనం పరుపులో గుచ్చి వదిలేసింది. "మా నాయన సచ్చేదాకా నన్ను నమ్మల్యా, తెలుసునా? 'నేను తియ్యల్యా నాయనా' అంటే, 'సరేలేమ్మా' అంటాండె. నమ్మి కాదు, నన్ను ఊరుకోబెట్టల్ల అని."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి లాక్కుంది.

"ఆ పేజీ తీయించేశాను ఖాసీ. పుస్తకంలో నీ పేరు రాదు" అన్నాను.

"నిన్ను తీయమని ఎవురు జెప్పినారు?" అని గట్టిగా అరిచింది. లోపల మిషను దగ్గర కోడలు తల బయటికి పెట్టి చూసింది. "తీసేస్తే నా పేరు మాసిపోతాదా? పుస్తకంలో లేకుంటే ఏం, వీధిలో ఉండాది, నా మనమడి బడిలో ఉండాది. నేనేమో దొంగగానే ఉంటా, నువ్వు సక్కగా బస్సెక్కి పోతావు. బాగుండాదే నీ తీయించేది!"

"మరి ఏం చేయమంటావు?"

"ఆ పేజీ ఉండల్ల. ఆ పేరు గూడా అట్లే ఉండల్ల. దొంగ ఎవురనేది మాత్రం మార్చి రాయి. నీ పేరు, మీ నాయన పేరు, ఆయప్ప చెప్పిన పంచాయితీ, నేను బడి ఇడిసింది, అన్నీ రాయి. పో."

టీ తాగుతావా అని కూడా అడగలేదు. అడక్కపోవడమే న్యాయం. కానీ సందులో నడుస్తున్నప్పుడు నాకు ఆమె మీదే కోపం వచ్చింది. చచ్చిపోయిన మా నాయన్ను ఎందుకు లాగాలి, నా పేరు చాలదా అనుకున్నాను. ఆ కోపం మూల మీద హోటల్ దాకా ఉంది. అక్కడ రాగిసంగటి, పప్పు చెప్పుకుని కూర్చున్నాక తగ్గింది. వీధిలోంచి వాళ్ల రాయి ఏరిపారేసింది మా నాయన నోరే కదా. నూట ఇరవై రూపాయల భోజనం. సగం కూడా తినలేకపోయాను.

ఒకటిన్నరకు సుబ్బరాయుడన్నను వెంటబెట్టుకుని ప్రెస్సుకు పోయాను. కంప్యూటర్ ముందు సరళ అనే ఆమె కూర్చుని ఉంది, నలభై ఏళ్లుంటాయి. నేను చెబుతుంటే ఆమె టైపు చేసింది. 'రాళ్ల దొంగ' అనే పేరు అలాగే పెట్టించాను. కింద ఇలా రాయించాను: "రత్తమ్మవ్వ వంతు రాయి దొంగిలించింది ఖాసింబీ కాదు. నేను, పద్మావతిని. మా నాయన వెంకటసుబ్బయ్య విచారించకుండా తీర్పు చెప్పాడు. వీధి ఒప్పుకుంది. ఖాసింబీ బడి పోయింది. ఇది తమాషా కాదు." మా నాయన పేరు దగ్గర సరళ వేళ్లు ఆగాయి. నా ముఖం చూసి మళ్లీ కొట్టింది.

"మీ నాయన శానా గౌరవంగా బతికినోడమ్మా" అన్నాడు సుబ్బరాయుడన్న.

"ఖాసింబీ నాయన ఎలా బతికాడన్నా?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

మూడూ పదికి కర్నూలు బస్సెక్కాను. ఈసారి నీడ పక్కనే కిటికీ సీటు దొరికింది. కునుకు పట్టింది. నాలుగు గంటలకు మైదుకూరు దగ్గర పడుతుండగా ఫోన్ వరసబెట్టి మోగింది. సుబ్బరాయుడన్న ఆ పేజీ బొమ్మను గ్రూపులో పెట్టాడు. పేరు మారింది. 'చిలిపి పద్మ' అని ఉంది. 'దొంగిలించింది' అన్న చోట 'అల్లరిగా పక్కకు జరిపింది' అని ఉంది. మా నాయన పేరు లేదు. బడి సంగతి లేదు. చివర 'ఎంత ముద్దొచ్చే బాల్యం!' అని ఒక వాక్యం చేర్చాడు.

కింద వరసగా మాటలు. 'అయ్యో పద్మక్కా, నువ్వింత అల్లరిదానివా!' 'నిజం ఒప్పుకున్న గొప్ప మనసు.' ఒకామె ముద్దుల బొమ్మలు పెట్టింది. నవ్వే బొమ్మలు లేవు, అన్నీ ఎర్ర గుండెలే. అదే రాయి, అదే కాలువ, అదే సాయంత్రం. ఖాసింబీ తీసిందన్నప్పుడు యాభై ఏళ్లు దొంగతనం. నేను తీశానంటే గంటలో చిలిపితనం. బస్సులో అందరూ చూస్తుండగా ఏడ్చాను. బాధతో అని పక్కామె అనుకుని నీళ్ల సీసా అందించింది. నాకు వచ్చింది పట్టరాని కోపం. ఆ ముద్దుల బొమ్మలన్నీ నా ఒంటి మీద ఉమ్మినట్టున్నాయి.

సుబ్బరాయుడన్నకు ఫోన్ చేశాను. "సరే, సరే, మార్పిస్తాలేమ్మా, నువ్వు జాగ్రత్తగా ఇల్లు చేరు" అన్నాడు. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో కూర్చున్నదాన్ని. ఫోనులో అనే 'సరే'కు ఎంత బరువుంటుందో నాకు తెలుసు. "ఆపప్పా, దిగుతాను" అని కండక్టర్‌కు చెప్పాను. "కర్నూలుకు గదక్కా నీ టికెట్?" అన్నాడు. "ఇప్పుడు కాదు" అని మైదుకూరులో దిగేశాను. రోడ్డు దాటి నాలుగూ ఇరవైకి కడప బస్సెక్కాను.

అయిదున్నరకు మళ్లీ ప్రెస్సు మెట్లెక్కితే సుబ్బరాయుడన్న ఇంకా అక్కడే ఉన్నాడు. నన్ను చూసి నిజంగా భయపడ్డాడు.

"నీ మంచికేనమ్మా" అన్నాడు. "ఆడమనిషివి, ఇంత కుటుంబం ఉన్నదానివి. నీ పేరు మింద దొంగ అని అచ్చేస్తే సూసేదానికి బాగుండదు."

"ఖాసింబీ ఆడమనిషి కాదా? దానికి కుటుంబం లేదా? దాని పేరు మీద దొంగ అని నువ్వు రాసినప్పుడు బాగుందా అన్నా? నీకు నవ్వొచ్చిందే!"

ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయదగినవి కావు. సరళ ఏమీ అడక్కుండా కుర్చీ నా పక్కకు లాగి, పాత పేజీ తెరిచి అక్షరం అక్షరం తిరిగి పెట్టింది. దొంగ. దొంగిలించింది. వెంకటసుబ్బయ్య. బడి. పేజీ అచ్చుపలకకు ఎక్కేదాకా నేను లేవలేదు. సుబ్బరాయుడన్న గుమ్మం దగ్గర నిలబడి చివరికి, "గ్రూపులో గూడా ఇదే పెడతాలేమ్మా" అన్నాడు. "నా ముందు పెట్టు" అన్నాను. పెట్టాడు. ఈసారి కింద ఒక్క గుండె కూడా రాలేదు.

సరళ ఆ పేజీ మామూలు కాగితం మీద ఒకటి తీసింది. "పరుపుల అంగడి మా యింటికి పోయే దావలోనే ఉండాదక్కా, నేనిచ్చి పోతా" అంది. బడి మానేశాక ఖాసింబీ చదవడం మరిచిపోయి ఉంటుంది, చదివి వినిపించమని చెప్పాను.

ఆరూ ఇరవై బస్సుకు కర్నూలు బయల్దేరాను. చిన్ననాటి వీధి చూడ్డానికి పోవాలనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. పోండి. బస్సులు చాలా ఉన్నాయి, దారిలో తిండికి లోటు లేదు. కానీ పోయినప్పుడు గోలీసోడా రుచి ఒక్కటే వెతుక్కోకండి. మీ ఇంట్లో ఆ రోజు నీళ్లుంటే, ఎవరింట్లో లేవో కూడా కనుక్కోండి. ఆ రోజుల్లో అందరం కలిసిమెలిసి ఉన్నామని మీతో ఎవరైనా అంటే, ఆ మాట చెబుతున్నది ఏ ఇంటివాళ్లో చూసుకోండి. నా కోపం తగ్గలేదు. ఎవరి మీద అని అడిగితే ముందు నా మీదే, తర్వాత వరసగా అందరి మీదా.

ఏడుంబావుకు బస్సు మైదుకూరు దాటుతుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఖాసింబీ గొంతు. సరళ ఫోనులోంచి మాట్లాడుతోంది.

"కాగితం వచ్చినాది" అంది.

"చదివిందా?"

"సదివినాది. మీ నాయన పేరు గూడా." వెనకాల మిషను ఆగిపోయి ఉంది, మనుషుల మాటలు వినబడుతున్నాయి. "ఇంగోసారి సదవమన్యా. పక్కంగడోళ్లను గూడా పిలిపించినా, గట్టిగా సదవమన్యా."

"ఖాసీ..." అన్నాను.

"ఉండుమే, మొదులుపెట్టినాది. నేను ఇనల్ల. పెట్టేస్తాండా."